చెక్క చెప్పులు ఆపేశాను, కారణం కూడా చెప్తాను

అనంతపురంలో మా అంగడికి ఏళ్లుగా వస్తున్న అక్కలకు, అన్నలకు,

ముందే చెప్పేస్తా. చెక్క సోల్ చెప్పులు ఇక మా దగ్గర ఉండవు. శివరాత్రి నుంచి మే నెలాఖరు దాకా 37 జతలు అమ్మాను, అందులో 21 జతలు సోల్ పగిలి తిరిగొచ్చాయి. మిగతా 16 కూడా పగులుతాయి, ఇంకొన్ని రోజులు పడుతుందంతే. పగిలినా పగలకపోయినా తీసుకురండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, నేను కొట్టిన మేకును నేను గుర్తుపట్టలేనా?

పదేళ్లు మనకు సోల్స్ చెక్కిచ్చిన మేస్త్రి పాత మిద్దెల దూలాలతో చేసేవారు. పల్లెల్లో మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబు వేసుకునేటప్పుడు వేప దూలాలు, టేకు దూలాలు బయటపడతాయి కదా, యాభై అరవై ఏళ్లు ఇంటి పైకప్పు మోసిన కర్ర, అందులో ఇంక ఆరాల్సిన తడి ఏముంటుంది? పోయినేడు ఆయనకు చూపు తగ్గింది. దూలాలేమో పాతకాలం ఫర్నిచర్ చేసేవాళ్లు లారీలకెత్తుకుని పోతున్నారు. అందుకని వేరే ఊరి ఆయన దగ్గర 90 జతల మామిడి సోల్స్ తెప్పించాను. "ఆరిన కర్రేనా?" అని మూడు సార్లు అడిగాను. "ఏడాది నీడలో ఆరబెట్టింది సార్" అన్నాడు. పైన లక్కర్ కొట్టి అద్దంలా పంపాడు.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది. మేస్త్రి సోల్‌ను వేలి కణుపుతో కొడితే టక్కుమనేది. వీటిని కొడితే మొద్దుగా మోగింది. విన్నాను, విని కూడా శివరాత్రి గిరాకీ పోతుందని మేకులు కొట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ల అనుభవం అని బోర్డు మీద రాసుకున్నది నేనే.

కర్రలో తడి దాదాపు 30 శాతం కన్నా కిందికి దిగినప్పటి నుంచి అది కుంచించుకోవడం మొదలవుతుంది. నిలువునా పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకే మీ చెప్పుల్లో ముందు పక్కల మేకులు వదులయ్యాయి, తర్వాత మడమ దగ్గర చివర నుంచి చీలిక వచ్చింది. నర్సమ్మలు మొదట అడిగేది బరువే కాబట్టి ప్రతి సైజుకూ సోల్ బరువు పుస్తకంలో రాసుకునే అలవాటు నాది. ఫిబ్రవరిలో 310 గ్రాములున్న సోల్, అమ్ముడుపోకుండా అంగట్లోనే ఉన్నది, మే నెలలో మళ్లీ తూకం వేస్తే 274. తగ్గిన 36 గ్రాములూ నీళ్లు. కర్ర రేటుకు నీళ్లు కొన్నానన్నమాట.

ఫోన్ చేస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ ఊరి ఎండకు నేనేం చేసేది సార్." డబ్బు ఇవ్వనన్నా ఇంత బాధ ఉండేది కాదు. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనదొకటని చిన్నపిల్లోడికి కూడా తెలుసు, ఆ ఎండలోనే దూలం కర్ర సోల్స్ ఆరేడేళ్లు తొడుక్కున్నోళ్లు మనలో ఉన్నారు. పచ్చి కర్ర పంపి మా ఎండ మీద తోస్తాడా? ఆ రోజుతో ఆ నంబరు తీసేశాను. అడ్వాన్స్ పోతే పోయింది.

అసలు నిద్ర పట్టనిది మిగిలిన 53 జతల గురించి. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి చీలికలో కూరి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ లక్కర్ వేస్తే కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒక జత అలా చేసి కౌంటర్ మీద పెట్టాను కూడా. చాలా బాగా వచ్చింది, అదే నాకు భయమేసింది. మరుసటి రోజు కాలేజీ పాప ఒకామె తొడుక్కుని నాలుగడుగులు టకటకా నడిచి, "ఇది పగలదు కదా అన్నా?" అంది. నేను "నీ సైజు కాదులేమ్మా" అన్నాను. ఆమె కాలికి కుదిరినట్టు నా అంగట్లో ఏ చెప్పూ కుదరలేదు ఆ నెలంతా. సగం రేటుకు అమ్మమని మా ఆవిడ, ఉన్న విషయం చెప్పి అమ్మితే తప్పేముందని మా తమ్ముడు. రెండు రాత్రులు ఆలోచించి మూటగట్టి వెనక గదిలో వేశాను. వాటి అప్పర్లు, అంటే పైభాగాలు, విప్పి వేరే సోల్స్‌కు వాడతాను, సోల్స్ మాత్రం అమ్మను.

మరి చెక్క చెప్పులే కావాలనేవాళ్లకు ఏముంది? చెక్క సోల్ మెత్తగా ఉండదు, వంగదు. వేళ్ల దగ్గర కొంచెం పైకి లేచి ఉంటుంది కాబట్టి పాదం వంగకుండా దొర్లుతుంది, అందుకే గంటల తరబడి నిలబడేవాళ్లకు నచ్చింది. ఆ పని చేసేవి వెతికాను.

డ్యూటీలో నిలబడేవాళ్లకు బెండు (కార్క్) సోల్. ఓక్ జాతి చెట్టు బెరడు అది, ఎక్కువగా పోర్చుగల్‌లో ఒలుస్తారు, చెట్టు కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రం తీస్తారు. అదే పాత షేపు, ముందు మూసి వెనక తెరిచి, పైన స్వెడ్ తోలు. రెండు వారాలు తొడిగితే మీ పాదం అచ్చు దాంట్లో పడుతుంది. ఎండలో బండి మీద మాత్రం వదిలేయొద్దు, సొల్యూషన్ కరుగుతుంది.

నాకు బాగా నచ్చింది తోలు పొరల హీల్. గేదె తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, మేకు దించి, అంచు అరగదీసి మైనం పట్టిస్తే కర్ర చారల్లాగే కనిపిస్తుంది. బండల మీద శబ్దం కూడా వస్తుంది, చెక్కంత గట్టిగా కాదు, కానీ కలెక్టరేట్ మెట్ల మీద మీరొస్తున్నారని తెలుస్తుంది. చీరకూ కుదురుతుంది, జీన్స్‌కూ కుదురుతుంది. చేత్తో చేసేది కాబట్టి నెలకు 20 జతలు మించి చేయలేను, తొందరపెట్టొద్దు.

జనపనార తాడు చుట్టిన సోల్ కూడా ఉంది, స్పెయిన్‌లో వేసుకునే రకం. తేలిక, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నీళ్లలో తడిస్తే పాడైపోతుంది. మన ఊళ్లో అదో పెద్ద సమస్య కాదులెండి.

చెక్క చారలు ప్రింట్ చేసిన పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) సోల్స్ మాత్రం పెట్టను. ఏజెంటు మూడుసార్లొచ్చాడు, సగం రేటు, చూస్తే చెక్కే అనుకుంటారు అని. వాడకుండా పెట్టెలో ఉన్నా గాలిలో తేమకు రెండు మూడేళ్లలో పొడిపొడిగా రాలే పీయూను నేను చాలా చూశాను. ఎర్రచందనం సోల్స్ అడిగే అన్నలకు మళ్లీ చెప్తున్నా, అది నీళ్లలో మునిగే కర్ర, కాలికి కట్టుకుని నడవలేరు, పైగా నేను జైలుకెళ్లాలి.

పగిలిన జతకు పూర్తి డబ్బు తీసుకోండి, లేదా అదే అప్పర్‌కు బెండు సోల్ ఉచితంగా వేసిస్తాను, వారం పడుతుంది. ఆదివారం అంగడి ఉండదు.

ఇంకో మాట. కౌంటర్ వెనక నేను తొడుక్కునే జత ఉంది చూశారా, మేస్త్రి చేసిన చివరి వేప సోల్స్. ఇప్పటికే నలుగురు రేటు అడిగారు. అమ్మను, అడగొద్దు.