కుక్కల కోసం ఎగిరే పైలట్లు

సంపాదకులకు,

అమెరికాలో 2008 నుంచి పనిచేస్తున్న 'పైలట్స్ ఎన్ పాజ్' అనే స్వచ్ఛంద సంస్థ గురించి మన పాఠకులకూ తెలియాలి. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్లలో చోటు చాలక కుక్కల్ని ఇంజెక్షన్ ఇచ్చి చంపేయడం ఇప్పటికీ ఉంది. ఉత్తర రాష్ట్రాల్లోనేమో పెంచుకుంటామని అడిగేవాళ్లు ఉన్నారు. చిన్న విమానాలు నడిపే పైలట్లు ఈ కుక్కల్ని వాళ్ల దగ్గరికి చేరుస్తారు. ఇంధనం ఖర్చూ పైలట్లదే. దూరం ఎక్కువైతే మధ్యలో ఇంకో పైలట్ అందుకుంటాడు. డబ్బున్నవాళ్ల సరదా అంటారు కొందరు. కావచ్చు, ఎలాగూ ఎగిరేవాళ్లే కదా, వెనక సీటు ఖాళీగా ఎందుకు పోవాలి? అయితే కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు పెరగకపోతే ఎన్ని విమానాలైనా చాలవు. అక్కడున్న మన తెలుగువాళ్లు వేల డాలర్లు పోసి కుక్కపిల్లను కొనేముందు ఒకసారి షెల్టర్‌కు వెళ్లి చూడాలని నా మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ