స్పీకర్‌లో విన్న కబుర్లు

అమ్మలూ,

మొన్న ఆదివారం "ఒక్క పది నిమిషాలు ఉండు నాన్నా, మా వాళ్ళు లైన్లోకి వస్తున్నారు" అని ఫోన్ పక్కన పెట్టేశావు చూడు, ఆ పది నిమిషాలు గంట దాటాయి. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. స్పీకర్‌లో నీ నడక జట్టు మాటలన్నీ చివరి వరకూ విన్నాను. అడక్కుండా విన్నందుకు ఏమీ అనుకోకు. విన్నాక నా మనసు మారింది, ఆ సంగతి నీకు చెప్పాలి, ఫోన్లో అయితే మీ అమ్మ మధ్యలో అందుకుంటుంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సంక్రాంతికి నువ్వు ఈ నడక మాట ఎత్తిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. మే నెలలో 11 రోజులు సెలవు పెట్టి అక్కడ అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో ఆ షెనాండోవా కొండల్లో, అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట మీద 160 కిలోమీటర్ల పైన నడుస్తాను, గుడారం వీపు మీదే, తిండీ వీపు మీదే, తోడు వచ్చేది ఇంతవరకూ ఎదురుగా కూర్చుని ఒక్క కప్పు టీ తాగని నలుగురు అంటే ఏ తండ్రికి టెన్షన్ ఉండదు చెప్పు. వద్దని అనలేదు. వద్దంటే నువ్వు మానవు, నాకు చెప్పడం మానేస్తావు.

నేను అనుకున్నది, మీరంతా కూడితే సాహసాలే మాట్లాడుకుంటారని. ఏ కొండ ఎత్తెంత, ఎవరు ఎన్ని రోజుల్లో పూర్తి చేశారు, అలాంటివి. తీరా వింటే పావుగంట సేపు మేజోళ్ళ గురించే మాట్లాడారు. నూలువి తడిస్తే ఆరవని, ఉన్నివి నయమని, రెండు జతలు చాలా మూడు కావాలా అని. తర్వాత స్టవ్ మోసుకెళ్ళాలా, తిండిని చల్లటి నీళ్ళలో నానబెట్టుకుని తినెయ్యాలా అని. ఆ కుర్రాడు బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్‌ని సగానికి కోసేశానన్నాడు, అంతలోనే ఇంటద్దె పెంచారని బాధపడ్డాడు. నర్సమ్మాయి నైట్ డ్యూటీలు చేసీ చేసీ పగటి ఎండ ఎలా ఉంటుందో మర్చిపోయానంది. మధ్యలో ఒక రోజు నడవకుండా ఆగిపోదాం, బట్టలు ఉతుక్కుని కడుపు నిండా తిందాం అన్నది కూడా తనే కదా, దాన్ని జీరో డే అంటారని అప్పుడే నాకు తెలిసింది. ఇక ఆ పెద్దాయన, భార్యకి మోకాలి ఆపరేషన్ తేదీ ఇంకా తేలలేదు, మేలో పడితే నేను రాలేను అన్నాడు. ప్లాన్ పాడవుతుందని మీలో ఒక్కరూ నిట్టూర్చలేదు. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ అని నువ్వే ముందు అడిగావు. నా భయంలో సగం అక్కడే పోయింది తల్లీ.

ఎందుకంటే మా బెంచీ కూడా అంతే. రోజూ తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆరు రౌండ్లు కొట్టి బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటాం కదా, పదేళ్ళుగా ఆ నలుగురితో నేను మాట్లాడింది షుగరు, పెన్షను, కొడుకు ఉద్యోగం, కూతురి పురుడు, ఎవరి పొలంలో ఎంత నీరు ఉంది, ఇవే. వాళ్ళలో ఎవరైనా ఒక రోజు రాకపోతే మిగతావాళ్ళం మధ్యాహ్నంలోగా వాళ్ళింటి గుమ్మంలో ఉంటాం. చిన్న చిన్న కబుర్లు చెప్పుకునేవాళ్ళు ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారు, ఇది నేను చూసి చెప్తున్న మాట.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఒక ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణకి నేను ఒక్కడినే వెళ్ళాను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినప్పుడు బాగానే ఉంది. విశాఖ బీచ్ పక్కన అప్పూఘర్ వచ్చేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి, పైన వాన, చుట్టూ వేలమంది జనం, నాకు మాత్రం పలకరించే మనిషి లేడు. ఒక అరుగు మీద కూలబడి ఆటో ఎక్కి వెళ్ళిపోదామనుకుంటున్నాను. అప్పుడు అనకాపల్లి వైపు రైతు ఒకాయన పక్కన కూర్చుని, అడక్కుండానే తన సంచిలోంచి కొబ్బరినూనె తీసి, పాత పంచె చింపి కాళ్ళకి కట్టాడు. లేచాక మాధవధార దాకా నాతోనే నడిచాడు. దారంతా బెల్లం రేటు గురించి, తన రెండో అమ్మాయి నర్సింగ్ సీటు గురించి చెప్తూనే ఉన్నాడు, నేను నీ పదో తరగతి గురించి చెప్పాను. పేరు అడగడం మర్చిపోయాను. దారి పొడవునా జనం మజ్జిగా పులిహోరా చేతుల్లో పెడుతూనే ఉన్నారు. మీ దారిలో కూడా ఎవరో ఒకరు రోడ్డు దాటే చోట పళ్ళూ చల్లటి డ్రింకులూ పెట్టుకుని నడిచేవాళ్ళ కోసం ఎదురుచూస్తారని, దాన్ని ట్రెయిల్ మ్యాజిక్ అంటారని నర్సమ్మాయి చెప్పినప్పుడు నాకు ఆ రైతే కళ్ళ ముందు కనపడ్డాడు.

మర్నాడు పొద్దున్న బెంచీ మీద మీ కబుర్లన్నీ చెప్పాను. అపలాచియన్ ట్రెయిల్ మొత్తం 3,500 కిలోమీటర్లు దాటుతుందని, జార్జియాలో స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ వరకూ 14 రాష్ట్రాలని, చెట్ల మీద వేసిన తెల్ల గుర్తులు చూసుకుంటూ నడవడమేనని, అందులో నువ్వు నడిచేది ఒక ముక్కేనని. దారి బాగుచేసేది ఎక్కువగా జీతం తీసుకోని వాలంటీర్లే అంటే తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మా పెద్దాయనకి ఎంతో నచ్చింది. కానీ అందరినీ కట్టిపడేసింది నువ్వు చెప్పిన ఎమ్మా గేట్‌వుడ్ కథే. 11 మంది పిల్లల తల్లి, మొగుడి చేతిలో నానా కష్టాలూ పడ్డ మనిషి, 1955లో 67 ఏళ్ళ వయసులో పిల్లలతో నడకకి వెళ్ళొస్తానని మాత్రం చెప్పి, తనే కుట్టుకున్న గుడ్డసంచీ భుజాన వేసుకుని, వానకి స్నానాల గది ప్లాస్టిక్ తెర కప్పుకుని ఆ దారి మొత్తం ఒక్కర్తీ నడిచేసిందని చెప్తుంటే టీ కొట్టామె గ్లాసులు కడగడం ఆపేసింది. "కాళ్ళకేటి ఏసుకుందండీ?" అని అడిగింది. కేన్వాసు బూట్లు అన్నాను. "ఓలమ్మ!" అంది, ఇంకేమీ అనలేదు. మర్నాడు మళ్ళీ ఆ కథే చెప్పమంది.

ఇక నా జాగ్రత్తలు, ఇవి వినాలి. కొత్త బూట్లతో బయల్దేరకు, ఇప్పటి నుంచే తొడుక్కుని రోజూ తిరుగు, వీకెండ్‌కి పూర్తి బరువుతో మెట్లెక్కు. కాలు ఎక్కడైనా మంటగా అనిపిస్తే అక్కడే ఆగి టేపు వెయ్యి, సాయంత్రం చూసుకుందాం అనుకోకు. ఎలుగుబంట్ల మాట మీ అమ్మకి నేను చెప్పలేదు. మన ఉద్దానం జీడితోటల్లో ఎలుగు మీద పడ్డ వార్తలు చదివి చదివి ఉన్నాం, అందుకే ఆ పేరు వింటేనే నాకు వణుకు. అక్కడివి నల్ల ఎలుగులని, మనవాటిలా మీద పడే రకం కాదని, ఎక్కువగా తిండి వాసనకే వస్తాయని చదివాను. కాబట్టి రాత్రి తిండి సంచీ దానికోసమే పాతిన ఆ ఎత్తైన స్తంభాలకి తగిలించాల్సిందే, ఒక్క చాక్లెట్ కూడా గుడారంలో ఉంచుకోకు. దానికంటే పిడుదు పురుగు సంగతి ఎక్కువ పట్టించుకో. పశువులకి పట్టేలాంటిదే, అక్కడ దానివల్ల లైమ్ అనే జబ్బు వస్తుందట, రోజూ రాత్రి మోకాళ్ళ వెనక, చెవుల వెనక, నడుం చుట్టూ చూసుకో, నర్సమ్మాయిని కూడా చూడమను.

తిండికి మీ అమ్మ చోళ్ళు వేయించి పిండి చేస్తోంది. (టీవీ వాళ్ళు రాగులంటారు గానీ మనకి చోళ్ళే.) బెల్లం పొడి కలిపే పంపుతాం, నీళ్ళు పోసి కలుపుకుంటే చాలు, స్టవ్ అక్కర్లేదు. పలాస జీడిపప్పు కూడా. మీ పెద్దమ్మ కొడుకు మార్చిలో వస్తున్నాడు, వాడి సూట్‌కేసులో పెడతాం, ఆ నలుగురికీ సరిపడా.

ఇంకో విషయం. మా బెంచీ కూడా నడక పెట్టుకుంది. అరసవల్లిలో రథసప్తమి రద్దీ తగ్గాక, ఎండలు ముదరకముందే, రెండు రోజులు. మొదటి రోజు సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని అక్కణ్ణుంచి శ్రీకూర్మం, రాత్రి అక్కడే బస. రెండో రోజు గార మీదుగా శాలిహుండం, ఆ బౌద్ధ స్తూపాల గుట్ట ఎక్కి వంశధారని చూసి, అక్కణ్ణుంచి కళింగపట్నం సముద్రం దాకా. తపాలా పెద్దాయన మోకాళ్ళ నొప్పి వల్ల పూర్తిగా నడవలేడు, ఆయన బస్సులో వచ్చి మమ్మల్ని గారలో కలుస్తాడు. రాకపోవడం మాత్రం కుదరదని అందరం చెప్పేశాం. సంచీలో ఏమేం పెట్టుకోవాలో అని నిన్న అరగంట వాదించుకున్నాం, మేజోళ్ళ దగ్గర నేను మీ మాటే చెప్పాను.

కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర నుంచి నీకు వీడియో కాల్ చేస్తాను. మాకు సాయంత్రం 5 అయితే మీకు తెల్లవారుజామున 6:30, అలారం పెట్టుకో. దారిలో తోటివాళ్ళు పెట్టే పేరేదో ఉంటుందన్నావు, నీకు పెట్టిన రోజే నాకు చెప్పు, ఇక్కడ బెంచీ మీద అందరూ అడుగుతున్నారు. మీతో నడిచే ఆ పెద్దాయన భార్య ఆపరేషన్ ఎప్పుడో కూడా కనుక్కో. మేలోనే పడితే ఆయన కోసం మీరు తేదీలు జరుపుకోగలరేమో చూడండి, నీ సెలవు గురించి ఆఫీసులో ముందే అడిగి ఉంచు.

నాన్న
శ్రీకాకుళం