నాటకరంగ దినోత్సవం సరే, నాటకానికి ఒక గ్రంథాలయం ఏది?

సంపాదకులకు నమస్కారం.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి అయిన ఏప్రిల్ 16న మన జిల్లాలో తెలుగు నాటకరంగ దినోత్సవం జరిగిన తీరును మీ పత్రిక మరునాడు ఫొటోలతో సహా ప్రచురించింది. విగ్రహానికి దండలు వేశారు, వృద్ధ కళాకారులకు శాలువాలు కప్పారు, నాటకాన్ని కాపాడుకోవాలని పెద్దలందరూ వంతులవారీగా చెప్పారు. ఆ వార్త చదివి వారం దాటినా మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. 1880లో పంతులుగారు తన విద్యార్థులచేత రాజమండ్రిలో నాటకం ఆడించిన నాటినుంచి లెక్కవేసినా మన రంగస్థలానికి నూటనలభై ఏళ్లు పైబడ్డాయి. ఇంత చరిత్రకు సంబంధించిన కాగితాలు ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎవరు చూస్తున్నారు అన్న మాట ఆ వేదిక మీద ఒక్కరి నోటా రాలేదు.

కోల్‌కతాలో ప్రతిభా అగ్రవాల్‌గారు 1981లో నాట్య శోధ్ సంస్థాన్‌ను స్థాపించారు. నాటక ప్రతులు, ప్రదర్శనల ఫొటోలు, నటుల గొంతుతో రికార్డు చేసిన సంభాషణలు, దుస్తులు, కరపత్రాలు ఒక్కచోట చేర్చి, వచ్చిన పరిశోధకుడికి చూపించే ఏర్పాటు చేశారు. బెంగాలీ నాటకంతో ఆగకుండా భారతీయ రంగస్థలం మొత్తాన్నీ పట్టించుకున్న సంస్థ అది. ఒక వ్యక్తి పూనికతో అక్కడ సాధ్యమైన పని, 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన మా తెనాలిలో గానీ, సురభి నాటక సమాజం పేరు ఇంటింటా తెలిసిన రాయలసీమలో గానీ, రెండు రాష్ట్రాల్లో మరెక్కడైనా గానీ ఎందుకు కాలేదన్నది నా బాధ.

నాటకం కాగితాలంటే అచ్చయిన పుస్తకాలు మాత్రమే అనుకుంటారు. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించారు. ఆయన ట్రంకు పెట్టెలో పుస్తకాలకంటే కరపత్రాలే ఎక్కువ. గులాబీ రంగు, పసుపు రంగు పలుచటి కాగితం మీద అచ్చువేసి, జట్కాబండిలో తప్పెట కొట్టించుకుంటూ ఊరంతా పంచినవి. ఒక్క కాగితం చదివితే ఆ రాత్రి మొత్తం కళ్లకు కడుతుంది. కృష్ణుడు ఎవరు, కృష్ణుడు నిద్రలో ఉండే పడక సీను తర్వాత రెండో కృష్ణుడు ఎవరు, ఆడవేషం కట్టిన మగవారెవరు, హార్మోనియం ఎవరిది, కుర్చీ ఎంత, బెంచీ ఎంత, నేల ఎంత, స్త్రీలకు ప్రత్యేక స్థలం ఉందా లేదా, అన్నీ అందులోనే ఉన్నాయి. నాటకం పుస్తకాల్లోనూ అంతే. అంచుల్లో నాన్నగారు పెన్సిలుతో రాసుకున్న గుర్తులున్నాయి. ఒక పద్యం పక్కన ముందు మోహన అని రాసి, కొట్టేసి, హిందోళం అని రాశారు. ఏ నటుడి కోసం రాగం మార్చారో కింద ఆయన పేరు కూడా ఉంది. పద్యం ఎలా పాడేవారో తెలుసుకోవాలనుకునే వారికి ఇంతకంటే నమ్మదగిన ఆధారం ఏముంటుంది?

మూడేళ్ల క్రితం ఆ పెట్టెను జిల్లాలోని ఒక గ్రంథాలయానికి అప్పగించబోయాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. పుస్తకాలైతే తీసుకుంటామనీ, కరపత్రానికి వెల ఉండదు, రచయిత ఉండడు కాబట్టి వచ్చిన పుస్తకాలు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో దాన్ని ఏ పద్దు కింద రాయాలో తెలియదనీ చెప్పారు. రాతలున్న పుస్తకాలు కూడా వద్దన్నారు, అవి పాడైన ప్రతుల కింద లెక్కట! మాటల్లో మాటగా తమ దగ్గరున్న పాత నాటకాలు చూపిస్తానని వెనక గదికి తీసుకెళ్లారు. పది పదిహేను నాటకాలు కలిపి బైండు చేసిన సంపుటం ఒకటి తెరిస్తే చెదలు ఈ అట్టనుంచి ఆ అట్టదాకా సొరంగం తవ్వాయి. ప్రతి పేజీలోనూ పద్యానికి మొదటి పాదం ఉంది, తక్కిన మూడు పాదాల చోట బొక్క ఉంది. పక్కనే గోనెసంచుల్లో ఉన్నవి చిత్తుకాగితాల వేలానికి సిద్ధం చేసినవని చెప్పారు. ఆ రోజు నా పెట్టె నేను ఇంటికి తెచ్చుకున్నాను.

పాత ప్రతి పోతే ఏం పోతుందని అడిగేవారికి ఒక్క మాట. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. గురజాడవారు దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ ప్రచురించారు. మొదటి కూర్పు ప్రతి ఎక్కడో ఎవరో దాచబట్టే ఆయన ఏం మార్చారో, ఎందుకు మార్చారో మనం ఈనాడు చర్చించుకోగలుగుతున్నాం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు, కాళ్లకూరి నారాయణరావుగారు రాసింది ఎంత, తర్వాతి నటులు వేదిక మీద చేర్చింది ఎంత అన్న ప్రశ్న వచ్చింది. ఏ నాటక సమాజం ఏ కాలంలో ఏ మాటలు పలికిందో తేల్చడానికి ఆనాటి ప్రదర్శన ప్రతులు ఒక్కచోట ఉండి ఉంటే ఆ వాదం అరుపులతో కాక ఆధారాలతో నడిచేది. నాటకకర్తలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, నటుడు బళ్లారి రాఘవ పనిచేసిన బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది, 2014లో తెలుగు నేల రెండు రాష్ట్రాలైంది. అటువంటప్పుడు ఒక్కచోట చేర్చే బాధ్యత మరింత పెరగాలి కదా!

డబ్బు లేదంటారు. ప్రతి ఇంటివాడూ ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. వసూలైన ఆ సొమ్మును పురపాలక సంఘాలు, పంచాయతీలు సకాలంలో జమ చేయడం లేదని గ్రంథాలయ సంస్థలు ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. ఖాళీ అయిన గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగానే ఉంటాయి, ఒక్కో మనిషి రెండు మూడు శాఖలు చూస్తుంటాడు. అటువంటి మనిషికి చెదల సంగతి ఎప్పుడు గుర్తుకు రావాలి? 1914లో విజయవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి, పైసా పైసా పోగుచేసి ఊరూరా పఠన మందిరాలు నిలబెట్టిన నేల ఇది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని స్థాపించిన వారికి ప్రభుత్వ నిధులు లేవు, అక్కడున్న పాత పత్రికల కోసం నేటికీ పరిశోధకులు వెళుతున్నారు. ఆనాటి వారు చేతిలో ఏమీ లేకుండా చేసిన పనిని, పన్ను వసూలు చేస్తున్న మనం చేయలేకపోతున్నాం.

కొత్త భవనం కట్టమని నేను అడగడం లేదు, శంకుస్థాపన ఫలకాలు చాలా చూశాం. ఉన్న పాత గ్రంథాలయాల్లో ఒకదానిలో తేమ తగలని ఒక గది, నాటకం తెలిసిన ఒక గ్రంథపాలకుడు, ఒక స్కానరు ఇస్తే పని మొదలవుతుంది. కరపత్రానికి, ఫొటోకు, తెర బొమ్మకు, పెన్సిలు రాతలున్న ప్రతికి వేరే రిజిస్టరు పెట్టమని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. నంది నాటకోత్సవాలకూ, నాటక పరిషత్తుల పోటీలకూ వచ్చే నాటకాల స్క్రిప్టులు తలా ఒకటి అక్కడికి చేరాలన్న నిబంధన పెడితే రేపటి చరిత్ర కూడా దక్కుతుంది. స్కాన్ చేశాం కాబట్టి కాగితం పారేయవచ్చనే వాదన మాత్రం దయచేసి ఎవరూ తేవద్దు, నాన్నగారి పెన్సిలు రాత సగం స్కాన్‌లో కనబడదు.

మా వీధిలోనే ఇంకో రెండిళ్లలో ఇటువంటి పెట్టెలున్నాయి, ఆ పెద్దవాళ్లు పోతే పిల్లలు పాతసామాన్లవాడికి తూకానికి వేస్తారు. నా పెట్టెలో ఏడాదికోసారి వేపాకు, కర్పూరం మారుస్తున్నాను. అయినా గత వర్షాకాలంలో అడుగున ఉన్న నాలుగు కరపత్రాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఈసారి వానలు మొదలయ్యేలోగా ఏ గ్రంథాలయమైనా రిజిస్టర్‌లో ఒక పద్దు రాసి తీసుకుంటామంటే, ఆటో మాట్లాడుకుని నేనే తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి