వంట నీటికీ శుద్ధి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కనిగిరి ప్రాంతంలో ఇద్దరు పసిపిల్లలను పెంచుతున్న తల్లిని. మా ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నందున మేము తాగడానికి క్యాను నీళ్లు కొంటాం, కానీ అన్నం, పప్పు బోరు నీటితోనే ఉడుకుతాయి. మరిగించినా ఫ్లోరైడ్ పోదు. శాశ్వత దంతాలు చాలావరకు ఎనిమిదేళ్లలోపే చిగుళ్ల లోపల రూపుదిద్దుకుంటాయి కనుక, ఆ వయసులో ఒంట్లోకి ఎక్కువగా చేరిన ఫ్లోరైడే తర్వాత పళ్లపై గోధుమరంగు మచ్చలుగా తేలుతుంది. ఆడుకుని వచ్చిన నా ఐదేళ్ల కూతురు కుళాయి కింద దోసిలి పట్టినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది. దాహంతో ఉన్న బిడ్డను నీళ్ల దగ్గర కసరవలసి రావడం ఏ తల్లికీ రాకూడదు. అంగన్‌వాడీలలో వంటకు సైతం శుద్ధి చేసిన నీటినే వాడాలని, బోర్ల పరీక్షల ఫలితాలను గ్రామ సచివాలయం గోడపై అందరికీ కనిపించేలా రాయించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక తల్లి, కనిగిరి