లియో పేరు వెనుక రేవు కూలీలు

సంపాదకులకు,

పోపు 14వ లియో ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో 2025 మే 10న ఆయనే కార్డినళ్లకు చెప్పారు. కార్మికుల గురించి 1891లో విశ్వలేఖ (పోపు సభ అంతటికీ రాసే లేఖ) రాసిన 13వ లియోను తలుచుకుని పెట్టుకున్నారట. మన పత్రికల్లోనూ ఈ సంగతి వచ్చింది. ఆ లేఖకు ముందు జరిగిన పోరాటం మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

1889 ఆగస్టులో లండన్ రేవు కూలీలు సమ్మెకు దిగారు. వాళ్లలో చాలామంది ఐర్లండ్ మూలాలున్న కతోలికులు. తెల్లవారగానే రేవు గేటు ముందు తోసుకుంటూ నిలబడాలి. మేస్త్రీ చూపు పడితేనే పని. అది కూడా ఒక్కోసారి గంటా రెండు గంటలే. వాళ్లు అడిగింది గంటకు 5 పెన్నీల బదులు 6, పిలిస్తే కనీసం 4 గంటల పని. అక్కడి కతోలిక పెద్ద, 81 ఏళ్ల కార్డినల్ మానింగ్ యజమానులకూ కూలీలకూ మధ్య తిరిగారు. లండన్‌లోనే పాప్లర్ అనే పేటలోని ఒక కతోలిక బడిలో సమ్మె నాయకులతో గంటల తరబడి కూర్చుని మాట్లాడారు. సెప్టెంబరులో ఆ 6 పెన్నీలకు ఒప్పందం కుదిరింది. ఆయన పెద్దరికం గొప్పదే. కానీ నెలపాటు కడుపు కట్టుకుని నిలబడింది కూలీలు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు.

రెండేళ్లు తిరగకముందే రోములో ఆ లేఖ వెలువడింది. కూలీ తానే ఒప్పుకున్నా సరే, పొదుపుగా బతకడానికి చాలని జీతం న్యాయం కాదంది. సంఘం పెట్టుకునే హక్కు ఉందంది. సోషలిజాన్నీ గట్టిగా తప్పుపట్టింది. దాంతో యూరప్‌లో చాలాచోట్ల కతోలిక యూనియన్లు, సోషలిస్టు యూనియన్లు విడివిడిగా నడిచాయి. ఒకే ఫ్యాక్టరీలో రెండు జెండాలుంటే లాభం యజమానికే. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మే 1న మా గుడిలో యేసును పెంచిన తండ్రి, శ్రామికుడైన పునీత జోజప్ప పండుగ. 1955లో 12వ పయస్ ఏర్పాటు చేశారు. ప్రసంగంలో ఆ వడ్రంగి ఓర్పు గురించి వింటాం, కూలి గురించి వినం. గుడికి రెండు వీధుల అవతలే లేబర్ అడ్డా. ఆటో ఆగితే పదిమంది చుట్టుముడతారు. మేం పూజ ముగించుకుని వచ్చేసరికి, పని దొరకనివాళ్లు అన్నం క్యారియర్ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు.

ఈసారి మే డే పేజీలో ఆ రేవు కూలీల కథ వేయండి. మా గుడి గురువులకూ (ఫాదర్లకు) ఒక మనవి. మన బడుల్లో, ఆస్పత్రుల్లో ఊడ్చే ఆయాకు నెలకు ఎంత ఇస్తున్నామో ఆ రోజు పీఠం ముందు చదివి వినిపించండి.

— ఒక పాఠకుడు, గుంటూరు