బీప్ రాలేదంటే వెనుక ఖాళీ అని కాదు

సంపాదకులకు,

నమస్కారం. కారు వెనక్కి తీస్తుంటే ఇంటి ముందు ఆడుకుంటున్న బిడ్డకు తగిలిందన్న వార్తలు అప్పుడప్పుడు చదువుతూనే ఉన్నాం. అలాంటప్పుడు చుట్టుపక్కలవాళ్లు ముందుగా అడిగేది "బండికి సెన్సర్లు లేవా?" అనే. ఉంటాయి. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. అవి దేన్ని పట్టుకుంటాయో, దేన్ని వదిలేస్తాయో మాత్రం కొన్నవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కారు నడిపేవాళ్లకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేయమని మనవి.

బంపరులో గుండ్రంగా, రూపాయి బిళ్లంత కనిపించేదే సెన్సరు. దాని ముఖమే ఒక పలుచటి రేకు. రివర్సు గేరు పడగానే ఆ రేకు సెకనుకు సుమారు 40 వేలసార్లు కంపిస్తూ చిన్న చిన్న కూతలు వేస్తుంది. మన చెవి పట్టేది 20 వేల వరకే కాబట్టి అవి మనకు వినపడవు. బావిలోకి తొంగి చూసి అరిస్తే మన గొంతే తిరిగొచ్చినట్టు, ఆ కూత వెనుక ఉన్నదానికి తగిలి తిరిగొస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోపలున్న పెట్టె దూరం లెక్కేస్తుంది. మీటరున్నర దూరంలో గోడ ఉంటే ఆ సమయం సెకనులో నూరో వంతు కూడా ఉండదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన ఇబ్బంది ఒకటుంది. కూత వేసేదీ, వినేదీ ఆ ఒక్క రేకే. కూత ఆపిన తర్వాత కూడా అది కొద్దిసేపు అదురుతూనే ఉంటుంది. ఆ అదురు తగ్గేలోపే తిరిగొచ్చిన శబ్దాన్ని అది వినలేదు. అందుకే బంపరుకు సుమారు 20 సెంటీమీటర్లలోపు ఉన్నదాన్ని చాలా సెన్సర్లు సరిగా పట్టుకోలేవు. సాధారణంగా మీటరున్నర దగ్గర నెమ్మదిగా మొదలైన బీప్ దగ్గరయ్యేకొద్దీ వేగం పెరిగి, 30 సెంటీమీటర్ల దగ్గర ఆగకుండా మోగుతుంది. ఆ ఆగని మోత వినగానే బండి ఆపేయాలి. ఇంకొంచెం పోనిస్తే మోత ఆగిపోనూవచ్చు. అడ్డు తొలగిందని అనుకునే ప్రమాదం అక్కడే ఉంది. నిజానికి అప్పుడు అడ్డు బంపరును ఆనుకుని ఉంటుంది. అలాగే బండి తీయకముందే బంపరుకు ఆనుకుని కూర్చున్న బిడ్డ విషయంలో సెన్సరు మొదటినుంచీ మౌనంగానే ఉండొచ్చు.

ఇప్పుడు వేగం లెక్క చూడండి. గంటకు 5 కిలోమీటర్లంటే చాలా నెమ్మది అనుకుంటాం. ఆ వేగంతో కారు సెకనుకు దాదాపు 1.4 మీటర్లు వెనక్కి పోతుంది. బీప్ మొదలయ్యేది మీటరున్నర దగ్గర. అంటే మొదటి బీప్ విన్న సెకనుకే తగిలేస్తుంది. చెవికి వినపడి, కాలు బ్రేకు మీదికి పోవడానికే దాదాపు సెకను పడుతుంది. అదే గంటకు 2 కిలోమీటర్ల వేగమైతే రెండున్నర సెకన్లు పైనే దొరుకుతాయి. యాక్సిలరేటరు తొక్కకుండా, క్లచ్ సగం వదిలి, కాలు బ్రేకు మీదే ఉంచి పాకించినట్టు వెనక్కి వచ్చినప్పుడే సెన్సరు వల్ల ఉపయోగం. రివర్సులో గట్టిగా యాక్సిలరేటరు తొక్కే అలవాటున్నవాళ్లకు పన్నెండు సెన్సర్లు బిగించినా అక్కరకు రావు.

సెన్సర్లు వదిలేసేవి మన జిల్లాల్లో అడుగడుగునా ఉన్నాయి. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసి, అంచుల్లో రాళ్లు పెడతారు. బంపరులో సెన్సరు అర మీటరు ఎత్తున ఉంటుంది. జానెడు ఎత్తు రాయి దూరంగా ఉన్నప్పుడు కాసేపు పట్టుబడినా, దగ్గరికొచ్చేసరికి కూత దాని మీదుగా పోతుంది. మోత ఆగుతుంది, ఆ వెంటనే బంపరు కింది అంచు పగులుతుంది. పడుకున్న లేగదూడా, అరుగు కింది మెట్టూ అంతే. చీమకుర్తి వైపు, కృష్ణపట్నం పోర్టు రోడ్డు వైపు నిలిపి ఉన్న లారీలది దీనికి ఎదురు కథ. లారీ వెనుక బాడీ మన సెన్సరు కంటే ఎత్తులో ఉంటుంది, చక్రాలు లోపలికి ఉంటాయి. వెనుక అడ్డంగా ఉండాల్సిన కమ్మీ వంగిపోయో ఊడిపోయో ఉంటే కూత బాడీ కిందుగా పోయి చక్రాలకు తగిలి వస్తుంది. చోటుందని బండి చెప్తుంటుంది, డిక్కీ అద్దం పగులుతుంది. ట్రాలీ ఆటోలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ఊచలూ అంతే.

సన్నవి, మెత్తవి, ఏటవాలువి ఈ మూడూ సెన్సరుకు చిక్కవు. కేబుల్ వైరు, గొలుసు, నులక మంచం కోడు, సన్న పైపు నుంచి తిరిగొచ్చే శబ్దం తక్కువ. గడ్డివామి, దుప్పట్ల మూట, దూది బస్తా శబ్దాన్ని తాగేస్తాయి. వదులు బట్టల్లో వంగి కూర్చున్న మనిషి నుంచి కూడా గోడ నుంచి వచ్చినంత గట్టిగా శబ్దం తిరిగి రాదు. ఏటవాలుగా ఉన్న నున్నటి పలకకు తగిలిన కూత పక్కకు పోతుంది. ఇక గుంతలు, కాలువలు సెన్సరు లెక్కలోనే లేవు. సర్వేపల్లి కాలువ గట్టు మీదో, రొయ్యల చెరువు గట్టు మీదో బండి తిప్పుకునేటప్పుడు వెనుక నేలే లేకపోయినా బీప్ రాదు. అక్కడ ఒకరు దిగి నిలబడి చూడాల్సిందే, వేరే మార్గం లేదు.

తక్కువ ధర మోడళ్లలో రెండే సెన్సర్లు ఉంటాయి. మూలలు చాలావరకు వాటికి అందవు. నాలుగున్నా బంపరు పక్క భాగాలు అందవు. వెనక్కి తిప్పేటప్పుడు ముందు బంపరు ఎదుటి స్తంభానికి రాసుకునేది కూడా ఇందుకే. ముందు సెన్సర్లు లేని బండిలో ఆ వైపు గురించి చెప్పేదే ఉండదు. డిక్కీకి స్పేరు టైరు తగిలించిన బండ్లలో టైరు బంపరు కంటే బయటికి ఉంటుంది. సెన్సరు కొలిచేది బంపరు నుంచి. కాబట్టి ఆగని మోత వచ్చేసరికి టైరుకూ గోడకూ మధ్య మిగిలేది కొద్ది అంగుళాలే.

వదిలేయడం ఒక ఎత్తైతే, ఊరికే మోగడం ఇంకో ఎత్తు. దీనివల్లే ఎక్కువ నష్టం, ఎందుకంటే రోజూ ఊరికే మోగేదాన్ని డ్రైవరు వినడం మానేస్తాడు. లారీ, బస్సు ఎయిర్ బ్రేకు వదిలినప్పుడు వచ్చే బుస్సులో కూడా ఈ చెవికందని శబ్దం ఉంటుంది. సర్కారు తుమ్మ కొమ్మలు, ఎత్తు గడ్డి ఒకసారి మోగిస్తాయి, ఒకసారి మోగించవు. అక్టోబరు నుంచి మన దగ్గర పడే వానల్లో రేకు మీద నీటి బొట్టు నిలిచినా, చెరువు దారిలో బురద అంటినా తప్పు మోత వస్తుంది, లేదా అసలు రాదు. డిక్కీలో బస్తాలు వేస్తే వెనుక కుంగి సెన్సర్లు నేల వైపు చూస్తాయి, అప్పుడు రోడ్డే అడ్డుగా కనిపిస్తుంది. బంపరుకు బయట రాడ్డు గార్డు బిగించుకున్నా అదే బాధ. ఎండకు సెన్సరు దూరం తప్పుగా చూపిస్తుందని అనేవాళ్లూ ఉన్నారు. 20 డిగ్రీల్లో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతే, 40 డిగ్రీల్లో 355 మీటర్లు పోతుంది. మీటరున్నరకు వచ్చే తేడా అయిదు సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్ల దగ్గర ఒక్క సెంటీమీటరు. రోహిణి కార్తె ఎండను తప్పుపట్టాల్సిన పని లేదు.

ఊరికే మోగడంలో అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది. సాయం చేద్దామని ఒకరు బండి వెనుక నిలబడి "రానీ... రానీ..." అంటుంటారు. బీప్ వస్తే డ్రైవరు "ఆయన వల్లే" అనుకుని పోనిస్తాడు. ఆ మోతలో గోడ ఉందో, బిడ్డ ఉందో తెలియదు. దారి చెప్పేవాళ్లు బండికి వెనుక కాకుండా, డ్రైవరు వైపు అద్దంలో కనపడేలా పక్కన, రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. వాళ్లు అద్దంలో కనపడకపోతే డ్రైవరు బండి ఆపేయాలి.

నెల్లూరు, ఒంగోలు ఇళ్లకు రోడ్డు కంటే ఎత్తులో పోర్టికో, దానికో ర్యాంపు ఉంటాయి. ర్యాంపు మీద నుంచి వెనక్కి దిగేటప్పుడు బండి వెనుక భాగం కిందికి చూస్తుంది. సెన్సరు రోడ్డుకే మోగుతుంది, రోజూ దిగేవాళ్లకు అది అలవాటైపోతుంది. పైగా వీధిలో అడ్డంగా వచ్చే మోటారు సైకిలును సెన్సరు పట్టలేదు. గంటకు 30 కిలోమీటర్లతో వచ్చే బండి మీటరున్నర దూరం దాటడానికి సెకనులో అయిదో వంతు చాలు. అందుకే పోర్టికోలోకి రివర్సులో పెట్టుకుని, పొద్దున ముఖం ముందుకు పెట్టి బయటికి రావడమే మంచిది. రివర్సులో ర్యాంపు ఎక్కేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. వెనుక భాగం పైకి లేచినప్పుడు సెన్సర్లు పైకి చూస్తాయి, పోర్టికో నేల మీద ఉన్నవి వాటికి అందవు. ఎక్కేముందే లోపల ఏముందో, ఎవరున్నారో దిగి చూసుకోవాలి.

తీసేముందు చేయాల్సింది నిమిషం పని. బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లు ఎక్కడున్నారో కంటితో చూసుకోండి. పెద్దవాళ్లలో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంటే ఇంకా మంచిది. అద్దాలు దించి పాటలు ఆపండి. రివర్సు గేరు వేశాక ఒక క్షణం ఆగండి. చాలా బండ్లలో సెన్సర్లు సిద్ధమైతే ఒక చిన్న బీప్, చెడిపోతే వేరే రకం మోత వస్తాయి. మీ బండి మోత ఏదో మాన్యువల్లో చూసి గుర్తుపెట్టుకోండి. ఆ సిద్ధపు మోత రాకపోతే ఆ రోజుకు సెన్సర్లు లేవనే అనుకోవాలి. కెమెరా ఉన్నా దాని గీతలు చదును నేలకు వేసినవి. ర్యాంపు మీద ఆ దూరాలు నమ్మొద్దు.

మీ బండి సెన్సర్లు ఎంతవరకు వింటాయో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. చదును చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టండి. ఇంజను వేయకుండా తాళం ఆన్‌లో పెట్టి రివర్సు గేరు వేయండి. ఆటోమేటిక్ అయితే లోపలున్నవాళ్లు బ్రేకు మీద కాలు తీయకూడదు. బండి కదలకూడదు, వస్తువునే జరపాలి. మొదట ఖాళీ అట్టపెట్టెను కర్రతో వెనుక నుంచి బంపరు వైపు జరపండి. బీప్ మొదలైన చోట, ఆగని మోత వచ్చిన చోట నేల మీద ముగ్గు గీతలు వేసి టేపుతో కొలవండి. తర్వాత నిలబెట్టిన సన్న పైపు, మడత పెట్టిన దుప్పటి, పడుకోబెట్టిన ఇటుక ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. బంపరు మధ్యలోనూ, రెండు మూలల్లోనూ చూడాలి. ఇటుక దగ్గరికొచ్చేసరికి మోత ఆగడం కంటితో చూశాక, ఈ ఉత్తరంలో రాసింది వేరే చెప్పనక్కర్లేదు. అదే సమయంలో ఒక్కో సెన్సరుకు చెవి దగ్గర పెడితే సన్నగా టిక్ టిక్ మని వినిపించాలి. వినిపించనిది చెడిపోయినట్టే.

సెన్సరు ముఖాన్ని తడి మెత్తటి గుడ్డతో తుడవాలి. బురదను గోటితో, చీపురు పుల్లతో గీకొద్దు. వాటర్ సర్వీసులో ప్రెజరు గొట్టాన్ని సెన్సరుకు ఆనించి కొట్టనివ్వొద్దు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పు గాలికి బంపరు లోపలి కనెక్టరు పిన్నులకు పచ్చగా కిలుం పడుతుంది. ఒక వైపు సెన్సరు ఉన్నట్టుండి పలకడం మానేస్తే, కొత్తది కొనేముందు ఆ కనెక్టరు తీసి చూపించండి. బంపరుకు పెయింటు వేయించేటప్పుడు సెన్సర్లు తీసే వేయాలి. ముఖం చుట్టూ మెత్తటి సిలికాన్ రింగు ఉంటుంది, రేకు అదురు బంపరుకు తగలకుండా ఆపేది అదే. సెన్సరు తీయకుండా పెయింటు కొడితే రింగూ ముఖమూ అతుక్కుపోతాయి. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, వినడం మాత్రం తగ్గిపోతుంది.

పాత బండికి బయట బిగించుకునేవాళ్లు నాలుగు సెన్సర్ల కిట్టే తీసుకోండి. నేల నుంచి 50 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో, నాలుగూ ఒకే గీతలో ఉండాలి. కిట్టుతో వచ్చిన బిట్టుతోనే రంధ్రం వేయాలి, వెడల్పైతే సెన్సరు వాలిపోతుంది. పైకి ఉండాల్సిన గుర్తు పైకే ఉందా చూసుకోండి. తలకిందులుగా బిగిస్తే నేలకు మోగుతుంటుంది. కరెంటు రివర్సు లైటు వైరు నుంచి తీసుకోవాలి, అతుకులకు సోల్డరు వేసి స్లీవ్ తొడగాలి, వైర్లు సైలెన్సరు గొట్టానికి దూరంగా పోవాలి. ఎడమ, కుడి వైర్లు మారితే డిస్‌ప్లే తప్పు వైపు చూపిస్తుంది. డబ్బు ఇచ్చేముందు పై అట్టపెట్టె పరీక్ష షాపు దగ్గరే, నాలుగు సెన్సర్లకూ విడివిడిగా చేయించుకోండి.

రవాణా శాఖ అధికారులకు మా విన్నపం రెండే. డ్రైవింగ్ స్కూళ్లు రివర్సు నేర్పే రోజున ఈ ఇటుక పరీక్ష తప్పకుండా చేయించేలా చూడాలి. కొత్త బండి అప్పగించేటప్పుడు షోరూము సిబ్బంది రివర్సు గేరు వేసి, సిద్ధపు మోత, చెడిపోయిన మోత, ఆగని మోత మూడూ కొన్నవాళ్లకు వినిపించాలని, వినిపించినట్టు డెలివరీ కాగితంలో సంతకం తీసుకోవాలని ఆదేశించాలి.

ఇట్లు,
కార్ల ఎలక్ట్రికల్ పనివాళ్లం,
ఒంగోలు, నెల్లూరు