లైసెన్సు ఒకరిది, తుపాకీ ఇంటిల్లిపాదిది

సంపాదకులకు నమస్కారం.

సిడ్నీ బోండి బీచ్ కాల్పుల తర్వాత ఆస్ట్రేలియాలో తుపాకీ చట్టాలు బిగిస్తున్న వార్తలు మీ పత్రికలో చదువుతూ వచ్చాను. మా నరసన్నపేటలో పొద్దున్నే టీ కొట్టు దగ్గర మీ పేపరే పది చేతులు మారుతుంది. మొన్న ఒకాయన, "వాళ్ళేటి, ఉన్నవి లాక్కుంటన్నారు. మనకి అసలివ్వరు. అమెరికాలోలాగ ఇంటికొకటి ఇచ్చేస్తే దొంగోళ్ళు భయపడి చస్తారు," అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు చెప్పు మావా, తుపాకీ పట్టినోడివి కదా," అన్నారు. అక్కడ మొదలుపెడితే టీ చల్లారిపోతుంది గానీ నా మాట తెమలదు. అందుకే ఈ ఉత్తరం.

నేను 1984లో సైన్యంలో చేరి 2006లో హవల్దారుగా బయటికొచ్చాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్ళే వ్యాను మీద, బ్యాంకు గుమ్మంలో గన్‌మన్‌గా పనిచేశాను. తుపాకీ అంటే నాకు భయం లేదు, మోజూ లేదు.

2025 డిసెంబర్ 14న బోండి బీచ్‌లో హనుక్కా పండుగ చేసుకుంటున్న యూదుల మీద తండ్రీకొడుకులు కాల్పులు జరిపి 15 మంది ప్రాణాలు తీశారు. ఆ తండ్రి ఎప్పుడో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాడని తెలియగానే మన టీవీలన్నీ ఆ ముక్క చుట్టూనే తిరిగాయి. నాకు మాత్రం ఇంకో ముక్క దగ్గర కళ్ళు ఆగిపోయాయి. ఆరు తుపాకులకు లైసెన్సు తండ్రి పేరు మీద ఉంది. కొడుకు గురించి 2019లోనే అక్కడి నిఘా సంస్థ ఆరా తీసి, ప్రమాదం లేదనుకుని వదిలేసింది. తండ్రి ఫైలు ఒక ఆఫీసులో, కొడుకు ఫైలు ఇంకో ఆఫీసులో. ఇల్లు మాత్రం ఒకటే.

సైన్యంలో తుపాకీ ఎవరి సొంతమూ కాదు. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో ఉంటుంది. నంబరు చెప్పి, సంతకం పెట్టి తీసుకోవాలి. తుడిచి అప్పజెప్పాలి. ఫైరింగ్ రేంజి నుంచి కదిలేముందు ప్రతి జవానూ ఆఫీసరు ఎదుట నిలబడి, తన దగ్గర రౌండు (తూటా) గానీ ఖోఖా (పేలిన తూటా ఖాళీ తొడుగు) గానీ లేదని నోటితో చెప్పాలి. ఒక్క ఖోఖా లెక్క తగ్గితే చీకటి పడేదాకా గడ్డిలో మోకాళ్ళ మీద వెతికేవాళ్ళం. ఓసారి కంపెనీ మొత్తం మూడు గంటలు వెతికితే అది నా బూటు కింద బురదలోనే దొరికింది. ఆ రోజు తిన్న తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

అలాంటివాణ్ణి ఇంటికొచ్చాక ఏం చేశానో కూడా చెప్పాలి. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉన్న మాజీ సైనికుడైతేనే గన్‌మన్ ఉద్యోగం ఇస్తామన్నారు. 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ కొన్నాను. బీరువాలో పెట్టేవాణ్ణి. మా ఆవిడ చీరలు, పెళ్ళినాటి వెండి కూడా అందులోనే కాబట్టి తాళంచెవి అందరికీ అందేలా దేవుడి గది పక్కన మేకుకి వేలాడేది.

2009 వేసవి సెలవుల్లో ఒక ఆదివారం. చేపల బజారుకి వెళ్ళి వచ్చేసరికి మా అబ్బాయి, వాడి స్నేహితులిద్దరు మంచం మీద కూర్చుని ఉన్నారు. మావాడికి అప్పుడు పదమూడేళ్ళు. తుపాకీ వాడి ఒళ్ళో ఉంది. గొట్టం ఎదురింటి పిల్లాడి పొట్టవైపు ఉంది. నన్ను చూసి వాడు, "ఖాళీదే నాన్నా, చూశాను," అన్నాడు.

నిజంగా ఖాళీదే. తూటాల డబ్బా బండి డిక్కీలో ఉండిపోయింది. అదేమీ నా జాగ్రత్త కాదు. ముందురోజు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, దాన్ని కూడా తీసి బీరువాలో పెట్టడం మరిచిపోయానంతే. మరిచిపోకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఒక్కోరాత్రి మెలకువ వస్తుంది. చేపల సంచి చేతిలోనే ఉండగా గుమ్మంలో చతికిలబడ్డాను. పిల్లాణ్ణి కొట్టలేదు. తప్పు వాడిదైతే కదా. వారం తిరక్కుండా ఇనప్పెట్టె చేయించి గోడకి బోల్టులతో బిగించాను. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.

తర్వాత లైసెన్సు రెన్యువల్ వచ్చింది. విచారణకు వచ్చిన ఉద్యోగి ఏ స్టేషనువాడో రాయను. మా గుమ్మం తొక్కలేదు. వీధి చివర టీ తాగుతూ ఇద్దరి చేత సంతకాలు పెట్టించుకుని, "కేసులేవీ లేవు కదండీ," అని అడిగి వెళ్ళిపోయాడు. మనిషి మంచివాడే, పని ఎక్కువ. కానీ తుపాకీ ఎక్కడ పెడుతున్నావు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లో తాగి గొడవచేసేవాళ్ళున్నారా, మనసు బాగోలేనివాళ్ళున్నారా అని ఒక్కమాట అడగలేదు. నేనేమో పెట్టె చూపిద్దామని పొద్దున్నే తుడిచి పెట్టుకున్నాను.

మన ఆయుధాల చట్టం మెత్తనిదేం కాదు. 1959 నాటి చట్టాన్ని 2019లో సవరించి, ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని రెండుకు తగ్గించారు. పెళ్ళిళ్ళలో సరదాకి గాల్లోకి పేల్చి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేవాళ్ళకు రెండేళ్ళ వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా పెట్టారు. బాగుంది. అదే సవరణలో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు. అంటే ఆ వీధి చివరి టీ కూడా ఇప్పుడు ఐదేళ్ళకోసారే.

టీ కొట్టు మిత్రుడు అన్న అమెరికా సంగతికొస్తాను. తుపాకీ ఎందుకని అడిగే తీరులోనే దేశానికీ దేశానికీ తేడా ఉంది. ఆస్ట్రేలియాలో దరఖాస్తు మీద 'ఆత్మరక్షణ కోసం' అని రాస్తే లైసెన్సు రాదు. వ్యవసాయం, వేట, షూటింగ్ పోటీ లాంటి కారణం చూపాలి. పోర్ట్ ఆర్థర్‌లో 1996 ఏప్రిల్ 28న ఒక్కడే 35 మందిని చంపాక, పన్నెండు రోజుల్లో వాళ్ళు కుదుర్చుకున్న ఒప్పందం అది. అప్పుడే జనం దగ్గరున్న దాదాపు ఆరున్నర లక్షల తుపాకుల్ని డబ్బిచ్చి కొని నాశనం చేశారు. మన దగ్గర ఆత్మరక్షణకైతే ప్రాణభయం ఉందని రాసి, అది నిజమని అధికారుల్ని ఒప్పించాలి. అమెరికాలో కొట్టుకెళ్ళి కొనుక్కునేవాణ్ణి ఎందుకని అడిగేవాళ్ళు లేరు. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు, పిస్టల్ వెంట పెట్టుకుని బయట తిరగడానికి కారణం చెప్పమనేవి. 2022లో అక్కడి సుప్రీంకోర్టు అదీ కుదరదంది. తుపాకీ ఉంచుకోవడం వాళ్ళకు 1791 నుంచి రాజ్యాంగంలో రాసుకున్న హక్కు. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 నాటి అంచనాలో నూరుగురు అమెరికన్లకు 120 తుపాకులున్నాయి. మనకు నూరుగురికి ఐదు.

డాలస్ దగ్గర మా అన్నయ్య కొడుకు ఉంటున్నాడు. 2023 మే 6న ఆ పక్కనే ఆలెన్ షాపింగ్ మాల్ కాల్పుల్లో 8 మంది పోయారు, వాళ్ళలో మన తెలుగు ఇంజనీరమ్మాయి ఒకరు. ఆ నెలలోనే వాడు పిస్టల్ కొన్నాడు. "ఇక్కడ అందరి దగ్గరా ఉంది బాబాయ్, మన దగ్గరే లేకపోతే ఎలా?" అన్నాడు. ఎక్కడ పెట్టావని అడిగాను. మంచం పక్క డ్రాయర్లో అన్నాడు. వాడి కూతురికి ఐదేళ్ళు. బడిలో తుపాకీవాడు వస్తే బల్ల కింద ఎలా నక్కాలో ఆ పిల్లకు నేర్పారట. ఇంట్లో డ్రాయరు గురించి నేర్పినవాళ్ళు లేరు. అరగంట మాట్లాడాను, వాడికి నచ్చలేదు.

తుపాకీ ఉన్న ప్రతిచోటా ఇలాగే ఉంటుందనీ అనను. నాతో నాయక్ హోదాలో పనిచేసిన కర్ణాటక కొడగు ప్రాంతపు ఆయన ఒకరు, వాళ్ళ ఆయుధపూజ పండుగ కైల్‌పోళ్దుకి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. తుపాకుల్ని దేవుడి దగ్గర వరసగా పెట్టి, అగ్నిశిఖ పూలు గుచ్చి పూజ చేస్తారు. ఆ కొడవ జాతివాళ్ళకు ఇంగ్లిషువాళ్ళ కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. ఆ ఇంట్లో పిల్లలు తుపాకీని దాటరు, పెద్దలు చేతికిస్తేనే ముట్టుకుంటారు. అలాంటి పెంపకం తరతరాలుగా రావాలి. మన ప్రాంతంలో తుపాకీ మామూలు ఇంటిది ఎప్పుడూ కాదు. మా నాన్న తరానికి తుపాకీ అంటే 1967లో లేవిడి దగ్గర భూస్వాముల చేతిలో ఉండి కోరన్న, మంగన్న అనే గిరిజనులను పొట్టనపెట్టుకున్నది. తర్వాత ఉద్యమకారుల చేతిలోది, పోలీసుల చేతిలోది. అందుకే మా ఊళ్ళో ముసలమ్మలు ఇప్పటికీ నా తుపాకీ కనిపిస్తే పక్కకి జరుగుతారు.

చట్టాలు బిగిస్తే నాటు తుపాకులు ఆగుతాయా అంటారు. ఆగవు. మన దేశంలో 7 కోట్లకు పైగా తుపాకులుంటే రిజిస్టరైనవి కోటి కూడా లేవని ఆ సర్వేనే చెప్పింది. హత్యలు కూడా ఎక్కువగా లైసెన్సు లేని దొంగ తుపాకులతోనే జరుగుతున్నాయి. అది పోలీసులు చేయాల్సిన వేరే పెద్ద పని. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లతో, అడవిపందులతో పడేవాళ్ళ బాధ కూడా నిజమే. పంట కాపలాకి గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సిచ్చే వీలు చట్టంలోనే ఉంది. అలాంటి రైతుకు ఇవ్వండి. కానీ ఇచ్చేముందు వాళ్ళ ఇల్లు చూడండి.

నేనడిగేది ఇదొక్కటే. లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఇంట్లోకి వచ్చి పెట్టె చూడాలి, తూటాలు లెక్కపెట్టాలి, ఇంట్లో ఉండేవాళ్ళందరి పేర్లూ రాసుకోవాలి, భార్యతో విడిగా మాట్లాడాలి. ఈ చివరిది తప్పనిసరి. మొగుడి తాగుడు గురించి సాక్షి సంతకం పెట్టే స్నేహితుడు చెప్పడు.

2024 ఎన్నికలప్పుడు అందరిలాగే నా తుపాకీ కూడా స్టేషనులో డిపాజిట్ చేశాను. ఎన్నికలయ్యాక తీసుకెళ్ళమని ఫోన్ వచ్చింది. అప్పటికి ఉద్యోగం మానేశాను. నాలుగేళ్ళ మనవడు ఇంట్లో అన్ని సొరుగులూ లాగుతున్నాడు. లైసెన్సు రద్దు చేయమని అర్జీ రాసిచ్చి, తుపాకీ డీలరుకి అమ్మేశాను. గోడకి బిగించిన పెట్టె ఊడదీయడానికి మేస్త్రీ ఐదువందలు అడిగాడు, వదిలేశాను. ఇప్పుడందులో మా ఆవిడ అప్పడాలు దాచుకుంటోంది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.
(పేరు వేయవద్దని మనవి. ఎదురింటి పిల్లాడి తల్లిదండ్రులకు ఆ ఆదివారం సంగతి ఇంకా చెప్పలేదు.)